అయస్కాంత టేపు – దాని చిక్కులు

వ్రాసినది చెరగకుండ దాచుట యొక పని; దానిని మరల చదువగలుగుట వేరొక పని. కంప్యూటర్ల అయస్కాంత టేపు చరిత్రను పరిశీలించినచో ఈ భేదము స్పష్టమగును.

1928 లో జర్మనీ దేశస్థుడగు ఫ్రిట్జ్ ఫ్లాయ్‌మర్ అయస్కాంత గుణముగల పొడిని కాగితపు పట్టీపై పూసి, ధ్వనిని భద్రపరచు టేపును రూపొందించెను. 1951 లో అమెరికా జనాభా లెక్కల శాఖకు అందిన యూనివాక్ కంప్యూటరులో అంకెలను, అక్షరములను దాచుటకు నికెలు పూత పూసిన లోహపు టేపును వాడిరి. 1952 లో ఐబీఎం సంస్థ తన 726 యంత్రమున తేలికయైన ప్లాస్టిక్ టేపును ప్రవేశపెట్టెను.

ఇచ్చట మొదటి చిక్కు ఎదురయ్యెను. ఈ టేపు సెకండునకు 75 అంగుళముల వేగముతో పరుగెత్తవలెను, రెప్పపాటులో ఆగవలెను. టేపు తేలికయే గాని, దానిని చుట్టిన చక్రము బరువైనది. జడత్వము వలన అది వెంటనే కదలదు, వెంటనే ఆగదు. ఆ లాగుడుకు టేపు తెగిపోవును. జేమ్స్ వైడెన్‌హామర్ అను ఇంజనీరు దీనికి ఉపాయము కనుగొనెను. చక్రమునకు, చదువు భాగమునకు నడుమ నిలువు గొట్టము నుంచి, అడుగు నుండి గాలిని పీల్చివేసిరి. టేపు అందులోనికి ఉచ్చువలె వ్రేలాడును. గాలిపటము నెగురవేయు బాలుడు కొంత దారమును ముందుగనే విప్పి వదులుగా నుంచుకొనును గదా! ఇదియు నట్టిదే. ముందు వదులు టేపు కదలును. చక్రము తరువాత నందుకొనును.

రెండవ చిక్కు ధూళి. చిన్న రేణువు అడ్డుపడినను ఒక గుర్తు తప్పిపోవును. అందుచే టేపుపై ఏడు వరుస లేర్పరచి, ఆరింటిలో అక్షరమును, ఏడవదానిలో తనిఖీ గుర్తును వ్రాసిరి. ఒక గుర్తు మారినచో సరి, బేసి లెక్క తప్పి దోషము బయటపడును. ఒకే అక్షరములో రెండు మారినచో మాత్రము ఈ లెక్కకు చిక్కదు. తరువాతి 729 యంత్రములలో వ్రాసిన గుర్తును ఆ క్షణముననే మరల చదివి సరిచూచు ఏర్పాటు చేసిరి.

మూడవ చిక్కు కాలము తెచ్చినది. 1966, 1967 సంవత్సరములలో లూనార్ ఆర్బిటర్ నౌకలు పంపిన చంద్రుని చిత్రములను టేపులపై భద్రపరచిరి. టేపులు నిలిచినవి, వానిని చదువు యాంపెక్స్ ఎఫ్‌ఆర్-900 యంత్రములు మాత్రము వాడుకనుండి తొలగినవి. నాన్సీ ఎవాన్స్ కొన్ని యంత్రములను పారవేయనీయక కాపాడినందుననే, వానిని బాగుచేసి 2008 లో మొదటి చిత్రమును తిరిగి పొందగలిగిరి. చంద్రుని చెంతనుండి కనబడు మన భూమియే ఆ చిత్రము.

టేపునకు కాలము చెల్లలేదు. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ దోషమువలన కొందరి జీమెయిల్ ఉత్తరములు మాయమయ్యెను. పలుచోట్ల నుంచిన ప్రతులును దెబ్బతినెను. కంప్యూటరునుండి విడదీసి దాచిన టేపులను ఆ దోషము తాకలేదు. ఉత్తరములు వానినుండియే తిరిగి వచ్చెను.

కావున రెండవ ప్రతి ఉన్నంత మాత్రమున చాలదు. అది మొదటిదానికి దూరముగా నుండవలెను. దానిని చదువు యంత్రము పనిచేయుచుండవలెను. అప్పుడప్పుడు చదివి చూడవలెను. ఒక్కసారియైనను తిరిగి చదివి చూడని ప్రతిని నమ్మరాదు.