వర్ణసంకరం ఆపిన రాజు, పేరు చెక్కించిన చర్మకారుడు

2017 సంక్రాంతికి 'గౌతమిపుత్ర శాతకర్ణి' సినిమా వచ్చింది. దర్శకుడు క్రిష్, హీరో బాలకృష్ణ. ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ వినోదపు పన్ను మినహాయించాయి. అంటే సర్కారు ముద్ర పడిన చరిత్ర పాఠమన్నమాట. తగరపువలసలో మన పిల్లలు కూడా ఈలలేసి చూశారు. దేశాన్ని ఏకం చేసిన తెలుగు రాజు మనవాడేనని మురిసిపోయారు. ఆ మురిపెం గురించే ఈ నాలుగు మాటలు.

సినిమాలో శాతకర్ణి గ్రీకు డెమెట్రియస్‌తో తలపడతాడు. డెమెట్రియస్ క్రీ.పూ. 2వ శతాబ్దం వాడు. శాతకర్ణి క్రీ.శ. 1, 2 శతాబ్దాల నాటివాడు. ఇద్దరి మధ్యా రెండొందల ఏళ్లకు పైగా దూరం! సరే, సినిమావాళ్లకి ఆ మాత్రం స్వేచ్ఛ ఇద్దాం. నహపాణుణ్ణి ఓడించడం మాత్రం నిజం. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో దొరికిన 13 వేల పైచిలుకు నహపాణుడి నాణేల్లో మూడింట రెండు వంతుల మీద శాతకర్ణి మళ్లీ తన ముద్ర కొట్టించాడు.

అసలు సంగతి నాసిక్ గుహలో ఉంది. కొడుకు పోయాక, మనవడు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో, తల్లి గౌతమీ బాలశ్రీ బౌద్ధ భిక్షువులకు గుహను దానమిస్తూ వేయించిన శాసనం అది. అందులో శాతకర్ణి ఏలిన దేశాల పట్టిక ఉంది. అసిక, అసక, ములక, సురథ, విదర్భ... ఆంధ్ర పేరు లేదు, కళింగ పేరూ లేదు. కొండల పట్టికలో మాత్రం మన వైపు మహేంద్రగిరి ఉంది. ఇక తెర మీద పనిగట్టుకుని చూపించాల్సిన మాట ఇంకొకటుంది. నాలుగు వర్ణాల సంకరాన్ని ఆపినవాడు అని ఆ తల్లి కొడుకుని పొగిడింది. 'ఏకబ్రాహ్మణుడు' అని, క్షత్రియుల గర్వం అణచినవాడు అని కూడా. ద్విజులతోపాటు కిందివాళ్ల కుటుంబాలనూ పెంచాడని అదే శాసనంలో ఉన్నట్టు సెనార్ట్ చదివాడు. దాన్ని దాచడం మన పని కాదు. అయితే పెంచడం వేరు, కలవనివ్వడం వేరు.

సంకరం ఆపానని గొప్ప చెప్పుకున్నారంటే అర్థమేమిటి? జనం కలుస్తున్నారనే కదా! ఊళ్లో లేని దొంగతనానికి ఎవడూ దండోరా వేయించడు. ఆ మాటకొస్తే రాజుల ఇంట్లోనే ఆ కట్టు నిలవలేదు. శకుల్ని నాశనం చేశామన్న ఆ వంశంలోని వాసిష్ఠీపుత్ర శాతకర్ణికి శక మహాక్షత్రపుడి కూతురే భార్య అయింది. కన్హేరి శాసనం ఆ సంగతి చెబుతోంది. పెద్దల సంకరం సంధి అవుతుంది, పేదల సంకరం పాపమవుతుంది.

మన ఊరికి దగ్గర్లోనే ఆ కాలం ఆనవాళ్లు ఉన్నాయి. భీమిలి దారిలో పావురాలకొండ, ఇంకా ముందుకెళితే తొట్లకొండ, బావికొండ. తొట్లకొండలో శాతవాహనుల సీసపు నాణేలు దొరికాయి. అయినా తొట్లకొండ, బావికొండ పేర్లలో రాజెవడూ లేడు. భిక్షువులు రాయి తొలిచి వాననీళ్లు పట్టుకున్న తొట్లను, బావులను చూసి ఊరి జనం పెట్టుకున్న పేర్లవి. రాయి తొలిచిన చేతులెవరివో ఏ శాసనమూ చెప్పదు.

అమరావతిలో మాత్రం ఒక పేరు మిగిలింది. శాతవాహనుల నాటి ఆ స్తూపానికి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చినవాడు విధికుడు. తన పేరుకి ముందు 'చమ్మకార' అని చెక్కించుకున్నాడు. చర్మకారుడు. తండ్రి నాగుడు ఉపాధ్యాయుడు. పంతులు కొడుకు తోలు పని చేస్తున్నాడు! తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులు అందరినీ కలుపుకుని ఆ దానమిచ్చాడు. ఆ కొడుక్కి మళ్లీ తాత పేరే, నాగుడు.