గుడారముల గుత్త: 1809 నాఁటి చెన్నపురి సైన్యక్షోభము

క్రీ. శ. 1809 వ సంవత్సరమున చెన్నపురి ప్రభుత్వమునకు లోఁబడిన ఈస్టిండియా కంపెనీ సైన్యమునందుఁ బుట్టిన క్షోభము ఆంగ్లచరిత్రకారులచే మిక్కిలి విపులముగా వర్ణింపఁబడినది. ఆ వర్ణనము లన్నియు నాంగ్లాధికారుల మానమర్యాదలను, గవర్నరైన సర్ జార్జి బార్లో మొండిపట్టును గూర్చియే ప్రసంగించును. ఈ కలహమునకు బీజమైనది మాత్రము మానము గాదు, గుడారము. ఆ గుడారమునఁ బరుండవలసిన సిపాయి కడపట నీ కథయం దెట్లు లెక్కకు వచ్చెనో పరిశీలింపఁదగియున్నది.

కంపెనీవారి దేశీయ పటాలములకు గుడారములు, వానిని మోయు నెద్దులు, వానిని పాఁతి విప్పుటకుఁ గలాసీలు కావలసియుండిరి. 1802లో నేర్పడిన పద్ధతినిబట్టి యీ సమస్తమును సమకూర్చు భారము ఆయా పటాలమునకు నాయకుఁడైన యాంగ్లాధికారిపై నుంచఁబడెను. అందులకై యతనికి నెలనెలకు నిశ్చితమైన ద్రవ్యము ముట్టుచుండెను. పటాలము దండయాత్రలో నున్నను, కోటలో ఊరక కూర్చున్నను ఆ ద్రవ్యమున మార్పులేదు. దీనినే గుడారముల గుత్త యనిరి. గుత్త యన్న మాటలోనే దాని స్వభావము తెలియుచున్నది: ఖర్చుపోను మిగిలినది గుత్తదారునిది. గుడారము చినిఁగినయెడల క్రొత్తది కొనకుండుట లాభము. ఎద్దు చచ్చినయెడల దాని స్థానమున వేఱొకదానిని గట్టకుండుట లాభము. యుద్ధము రాకుండుట యన్నిటికంటె గొప్ప లాభము. వాన కురిసిన రాత్రి నష్టపడువాఁడు సిపాయి.

1807లో సర్వసేనాని సర్ జాను క్రాడక్కు కోరఁగా క్వార్టరు మాస్టరు జనరలుగా నుండిన జాను మన్రో ఈ పద్ధతినిగూర్చి యొక నివేదిక వ్రాసెను. (ఇతఁడు దత్తమండలములలోఁ బ్రసిద్ధుఁడైన థామస్ మన్రో గాఁడు, పేరుసామ్యమున నిరువురను గలుపుట కొందఱకు అలవాటు.) గుత్తవలన నధికారి స్వప్రయోజనమునకును ధర్మమునకును విరోధ మేర్పడుచున్నదని యందలి సారాంశము. ప్రభుత్వ మది యంగీకరించి 1808లో గుత్తను రద్దుచేసెను.

నివేదిక దూషించినది పద్ధతిని. అధికారులు మాత్రము తమ్ము దొంగలన్నట్లు గ్రహించిరి. పటాలముల నాయకులు గుంపుగాఁ జేరి మన్రోపై నభియోగము తెచ్చిరి. ఇందొక విశేషము గమనింపఁదగినది. వారి యభియోగము లెక్కలను గూర్చినది గాదు, మన్రో వాక్యములను గూర్చినది. ఏ పటాలమున నెన్ని గుడారములు లేవు, ఏ నాయకుని చేత నెంత మిగిలినది యన్న ప్రశ్న ప్రక్కకుఁ దొలఁగి, పెద్దమనుష్యుని గౌరవమునకు భంగము కలిగెనా లేదా యన్న ప్రశ్న ముందునకు వచ్చెను. ధనవిషయమైన వ్యాజ్యమును మానవిషయముగా మార్చుటకంటె నేర్పైన ప్రతివాదము లేదు. అందఱు నపహరించి రనుటకుఁ దగిన ప్రమాణము లేదు. ఎవరును అపహరింపలేదనుటకు వలసిన పరీక్షయు జరుగలేదు.

ఇట్టి సందర్భమున నేమి చేయవలయునో యీ దేశపు ప్రాచీనశాస్త్ర మెఱుఁగనిది కాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున ద్వితీయాధికరణమందు రాజధనము నపహరించు నలువది యుపాయములు పరిగణింపఁబడినవి. అపహారము సంభవించినప్పుడు దాఁచువానిని, వ్రాయువానిని, పుచ్చుకొనువానిని, ఇచ్చువానిని, ఇప్పించువానిని, పై యధికారికి సలహాదారులును పరిచారకులునైన వారిని వేఱువేఱుగాఁ బ్రశ్నింపవలెనని యందు విధి. ఇప్పించువాఁడు సైతము పట్టికలో నుండుట చూడఁదగును. ఆ యధికారివలన బాధపడినవారు వచ్చి చెప్పుకొనవలసినదని చాటింపు వేయింపవలెను. దోషమును దెలిపి నిరూపించినవానికి ఆ ధనమున నాఱవ పాలు. తెలిపినవాఁడు ఆ శాఖలోనే జీతము తినువాఁడైనచోఁ బండ్రెండవ పాలు. క్రిందివానికి సగమే యేల యని యెవరైన నడుగవచ్చును. కాని క్రిందివాని నోరు మూయక తెఱపించుట యీ విధికి లక్ష్యమనుట స్పష్టము. 1809లో నీ గ్రంథము తాళపత్రములలో మఱుఁగుపడియుండెను. సరిగా నూఱేండ్లకు, 1909లో, శ్యామశాస్త్రిగారు దానిని మైసూరున ముద్రింపించిరి. ఈ క్షోభమున నెత్తురు ప్రవహించిన శ్రీరంగపట్టణ మా మైసూరునకు దాపుననే కలదు.

క్రాడక్కు తరువాత సర్వసేనానియైన మెక్‌డోవెలు అధికారుల పక్షము వహించి 1809 జనవరిలో మన్రోను నిర్బంధించెను. ప్రభుత్వ మతనిని విడిపించెను. మెక్‌డోవెలు కొలువు విడిచి యోడ నెక్కుచు మన్రోను నిందించు నుత్తరువొకటి వదలిపోయెను. బార్లో యా యుత్తరువును బ్రకటించిన యధికారులను గూడఁ బదవినుండి తొలఁగించెను. మెక్‌డోవెలు ప్రయాణించిన యోడ తుపానులోఁ జిక్కి యదృశ్యమైనది. కలహకారకుఁడు పోయెను, కలహము మాత్రము నిలిచెను. మే నెలలో మఱికొందఱధికారులు పదభ్రష్టులగుటతో నసంతృప్తి హైదరాబాదు, జాల్నా, శ్రీరంగపట్టణము, మచిలీపట్టణముల దండులకుఁ బ్రాఁకెను.

తెలుఁగుదేశమునకు సన్నిహితమైనది మచిలీపట్టణపు ఘట్టము. బందరుకోటలో మద్రాసు యూరోపియను పటాలము కాపురముండెను. జూను 25 వ తేదిని ఆ పటాలపు అధికారులు తమ నాయకుఁడైన ఇన్నెసు దొరనే చెఱపట్టిరి. పటాలములోని కొందఱిని యుద్ధనౌకలకుఁ బంపవలసినదన్న యుత్తరువు దానికి నిమిత్తము. తమ్ము ముక్కలుచేసి చెదరఁగొట్టుదురన్న భయము లోపలి హేతువు. మేజరు స్టోరీ నాయకత్వము వహించెను. చెన్నపురినుండి జాను మాల్కము రాయబారిగా వచ్చి నయోక్తులతోఁ గాలము గడపి పోయెను. ఇచట రక్తపాతము జరుగలేదు. చెఱపట్టినవారును చెఱపడినవారును ఆంగ్లేయులే గనుక ఫిరంగులు మాటాడవలసిన యవసరము కలుగలేదని చెప్పుట కటువుగాఁ దోఁచినను, శ్రీరంగపట్టణపు వృత్తాంతముతోఁ బోల్చినప్పుడు తప్పనిసరి యగును.

జూలై చివర బార్లో యధికారు లందఱును విధేయతాపత్రముపైఁ జేవ్రాలు చేయవలసినదని యాజ్ఞాపించెను. పదుమూఁడువందలమందిలో నించుమించు నూటయేఁబదిమంది మాత్రమే చేసిరి. అంతట ప్రభుత్వము ఆంగ్లాధికారులను దాఁటి తిన్నగా సిపాయిలతోను, దేశీయులైన సుబేదారులు జమేదారులతోను మాటాడ నారంభించెను: ఈ కలహము మీది గాదు, మీ జీతములకు భంగములేదు, మీరు కంపెనీకే విధేయులై యుండవలెను. ఇది నేర్పైన యుపాయమే. చాల తావులఁ బనిచేసినది. కాని యేండ్లకొలఁది ఆంగ్లాధికారి యాజ్ఞయే కంపెనీ యాజ్ఞ యని కఱపఁబడిన సిపాయికి నేఁడు హఠాత్తుగా రెండాజ్ఞలు వినవచ్చెను. ఏది పాటించినను మఱియొకదానికి ద్రోహము. అడకత్తెరలోని పోకచెక్క యన్న సామెతకుఁ దగిన స్థితి.

చిత్రదుర్గమున నున్న రెండు సిపాయి పటాలములు తమ యాంగ్లాధికారుల వెంట ఆగస్టు మొదటివారమున శ్రీరంగపట్టణమునకుఁ బయనమయ్యెను. ఆ కోట యప్పటికే కర్నలు బెల్లు వశమున ప్రభుత్వమును ధిక్కరించుచుండెను. సిపాయిలకు గుడారముల గుత్తలో దమ్మిడీ పాలు లేదు. మన్రో నివేదికను వారు చదువలేదు. వారి జీతముల విషయమైన వాదమేదియు నీ కలహమున లేదు. నడువుమనఁగా నడచిరి. ఆగస్టు 11 వ తేదిని శ్రీరంగపట్టణము చేరువలో మైసూరు దివాను పూర్ణయ్య పంపిన యాశ్వికులు వారి నడ్డగించిరి. వెనువెంటనే 25 వ డ్రాగూను పటాలము పైఁబడెను. సిపాయిలు గట్టిగా నెదిరింపలేదు, చెదరి పాఱిరి. పాఱువారిని గుఱ్ఱములపై వెన్నంటి నఱకిరి. చచ్చినవారు, గాయపడినవారు, కానరానివారు వందలలో నుండిరి. ఎదుటిపక్షమున నష్టము వ్రేళ్లపై లెక్కింపఁదగినంత స్వల్పము. ఆగస్టు ముగియులోపల బెల్లు కోటను వశపఱచెను.

పాణినీయమున క్రియ చేయువాని కెట్లు కర్తృసంజ్ఞ గలదో, చేయించువానికిని అట్లే కలదు. అతనికి హేతుసంజ్ఞ యధికముగాఁ గూడఁ జెప్పఁబడినది. చేయించువాఁడు చేయువాని వెనుక దాఁగి కర్తృత్వమునుండి తప్పించుకొనుటకు శబ్దశాస్త్ర మవకాశ మీయదు. దండశాస్త్రమే యిచ్చినది. శ్రీరంగపట్టణపు మైదానమున ప్రయోజ్యులు కూలిరి. ప్రయోజకులలోఁ బెక్కండ్రు కొన్నినాళ్లకు విధేయతాపత్రముపైఁ జేవ్రాలు చేసి వెనుకటి కొలువులకుఁ బోయిరి.

ఈ వైషమ్య మాకస్మికము గాదనుటకు మూఁడేండ్ల ముందటి వేలూరు ప్రమాణము. అదే సైన్యము, అదే కంపెనీ, సర్వసేనానియు గుడారముల నివేదికను గోరిన యా క్రాడక్కే. క్రొత్త తలపాగాను, బొట్టు మొదలైన కులమతచిహ్నముల నిషేధమును సిపాయిలపై రుద్దిన యుత్తరువులు పైనుండి వచ్చినవి. 1806 జూలై 10 న సిపాయిలు తిరుగఁబడిరి. నూఱుమందికిఁ బైగా నాంగ్లేయులు చచ్చిరి, అంతకు మిక్కిలిగా సిపాయిలు చచ్చిరి. విచారణానంతరము ఆఱుగురు ఫిరంగిమూతులకుఁ గట్టి పేల్పఁబడిరి, ఐదుగురు తుపాకులకు బలియైరి, ఎనమండ్రు ఉరిదీయఁబడిరి, ఐదుగురు ద్వీపాంతరమునకుఁ బంపఁబడిరి. క్రాడక్కును, గవర్నరు బెంటింకును, 1807లో స్వదేశమునకుఁ బిలువఁబడుటయే వారికి శిక్ష. ఆ బెంటింకు తరువాత గవర్నరు జనరలై తిరిగివచ్చిన సంగతి సర్వజన విదితము. వేలూరున సిపాయిలు ఆంగ్లేయులను జంపిరి గదా, 1809లో నధికారులట్లు చేయలేదు గదా యని యాక్షేపము రావచ్చును. అది కొంత నిజము. కాని కోటలను బట్టుకొని ప్రభుత్వముపై ఫిరంగులు గుఱిపెట్టుట సైన్యధర్మమున హత్యకంటె జిన్న నేరము గాదు. ఒక సుబేదారు అట్లు చేసియుండినచో నతని గతి యేమయ్యెడిదో వేలూరి లెక్కయే చెప్పుచున్నది.

సెప్టెంబరులో గవర్నరు జనరలు లార్డు మింటో స్వయముగా చెన్నపురికి వచ్చి, 25 వ తేదిని క్షమాపణ ప్రకటించెను. క్షమకు వెలియైన యధికారుల పట్టిక ఇంచుమించు ఇరువదిమందితో ముగిసెను. వారిలో బెల్లు, స్టోరీ, జాల్నా దండునకు నాయకుఁడైన డవుటను సైనికన్యాయసభ ముందు నిలుపఁబడిరి. తక్కినవారికి విచారణమో, కొలువు విడుచుటయో కోరుకొను స్వేచ్ఛ యొసఁగఁబడెను. డవుటను నిర్దోషి యనిపించుకొనెను. బెల్లును స్టోరీయుఁ బదభ్రష్టులైరి, స్టోరీ విషయమున దయకై న్యాయసభయే సిఫారసుచేసెను. ప్రాణదండన మొక్కరికిని లేదు. తొలఁగింపఁబడినవారిలోఁ బెక్కండ్రు తరువాత మరలఁ గొలువునఁ జేర్చుకొనఁబడిరి. బార్లో 1812లో వెనుకకుఁ బిలువఁబడెను. మన్రో తిరువాన్కూరునకు రెసిడెంటుగాఁ బోయి యచట దివానుగిరియు నిర్వహించెను. గుడారముల లెక్కలను ఎవరును మరలఁ దిరుగవేయలేదు.

హిందూస్థానీ భాషలోఁ గంపెనీ సిపాయికి తిలంగా యని వాడుక గలదు. తెలుఁగుదేశమునుండి మొదట నెక్కువగాఁ జేరినవారి పేరే జాతివాచకమై యుత్తరదేశమంతట వ్యాపించినది. అంత విరివిగాఁ బేరు వ్యాపించిన యా తిలంగాలలో శ్రీరంగపట్టణమునఁ గూలినవారి పేర్లు చరిత్రగ్రంథములలోఁ గానరావు. అధికారులకొఱకుఁ గరపత్రములు వ్రాయఁబడినవి, లండనున వాదములు జరిగినవి, గాయపడిన యొక్కొక్క దొర పేరును పత్రములకెక్కినది. సిపాయిలు సంఖ్యగా మాత్రమే నిలిచిరి. ఆ సంఖ్యయు గ్రంథమున కొకరీతిగా నున్నది.