కుందూ లోయ: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములు

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ నది. ఈ నల్లరేగడి లోయలోనే నంద్యాల, ఆళ్లగడ్డ ఉన్నవి. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి వదలుకొనగా ‘దత్తమండలము’ అను పేరు వచ్చినది. ఇచ్చినవాడు, పుచ్చుకొనినవాడు తప్ప ఆ పేరులో ఇక్కడి మనుష్యులు లేరు. 1928లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభలో చిలుకూరి నారాయణరావుగారు ‘రాయలసీమ’ అను పేరు సూచించిరి. కనుక అంతకు ముందటి సంఘచరిత్ర వ్రాయువారు ఆ పేరు వాడునపుడు జాగ్రత్త వహింపవలెను.

అహోబిలపు పారువేటలో వేరొక చరిత్ర కలదు. చెంచులు నరసింహుని తమ ఆడపడుచు చెంచులక్ష్మి భర్తగా, అల్లునిగా ఎంచుదురు. విగ్రహారాధన అని ఒక్కమాటతో తోసివేయు బోధకుడు ఈ బంధుత్వమును గమనింపడు. సంక్రాంతి మరునాడు పల్లకీ బయలుదేరి, సుమారు 40 దినములు ఆళ్లగడ్డ చుట్టుపట్ల గ్రామములు తిరుగును. అడవివారి అల్లుడు బ్రహ్మోత్సవపు పిలుపుతో మైదానపు రైతు వాకిట నిలుచును.