నోరెథిస్టెరోన్ చరిత్ర: పటాన్‌చెరు ఉదంతము

మా లక్కూరు నుండి తిరుమలయాత్రకు బయలుదేరు స్త్రీలు కొందఱు బహిష్టు వాయిదాపడుటకై మందుల అంగడిలో చిన్న మాత్రలు కొందురు. వాని పేరు నోరెథిస్టెరోన్. ఎన్ని కావలెనని తప్ప అంగడివాడు వేఱొకటి యడుగడు. ఈ మందు చరిత్రలో నొక ముఖ్యఘట్టము ఇట్టి యడుగని ప్రశ్నకు సంబంధించినదే. అది తెలుగునాట జరిగినది.

స్త్రీదేహమున సహజముగ పుట్టు ప్రొజెస్టెరోన్ అను హార్మోనును నోట మ్రింగినచో కాలేయము దానిని చాలవఱకు నశింపజేయును. ఆ నాశమునకు తట్టుకొను కృత్రిమద్రవ్యమును 1951 అక్టోబరులో మెక్సికో నగరమందలి సింటెక్స్ ప్రయోగశాలలో లూయిస్ మిరామోంటెస్ అను యువకుడు, జెరాసి, రోసెన్‌క్రాంజ్ గార్ల పర్యవేక్షణమున సిద్ధపఱచెను. దాని మూలము అచటి యడవిదుంప యొకటి.

తరువాత దీనినే నూనెలో కలిపి, రెండు నెలలు గర్భము రాకుండ నాపు 200 మిల్లీగ్రాముల సూదిమందుగ చేసిరి. భారత వైద్య పరిశోధన మండలి దానిని మనదేశమున పరీక్షింప నారంభించెను. 1985లో నాటి మెదకు జిల్లా పటాన్‌చెరు ఆరోగ్యకేంద్రమునకు సూదికై స్త్రీలు వచ్చిరి. అది పరీక్ష యని వారెఱుగరు. హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటనవారు అచటికేగి గుణదోషములు తెలుపవలెనని పట్టుపట్టగా, విన్నవారిలో పెక్కుమంది సూది వేయించుకొనకయే మరలిపోయిరి. 1986లో ఆ సంఘటనయు, ఇతర మహిళాసంఘములును సుప్రీంకోర్టు నాశ్రయించిరి. వ్యాజ్యము 2000లో గాని ముగియలేదు. ఈ సూదిని సామూహికముగ వాడుట యుక్తము కాదనియు, సలహా చెప్పి తరువాత పరిశీలించు వసతులున్నచోటనే వాడవలెననియు అప్పుడు ప్రభుత్వమే యొప్పుకొనెను.

ఏమి తెలుపవలసియుండును? కాళ్ల నరములలో నెత్తురు గడ్డకట్టినవారు, రొమ్ము పుండు గలవారు, కాలేయము చెడినవారు, కారణము తెలియని రక్తస్రావము గలవారు, గర్భవతులు ఈ మందు జోలికి పోరాదు. ఇంకొకటి మన కోలారు మండలమునకు మిక్కిలి దగ్గఱ విషయము. గనులు 2001లో మూతపడినను, ధూళికి ఊపిరితిత్తులు చెడి క్షయ సోకినవారి కుటుంబము లిచట కొత్త కావు. మూత్రమును ఎఱ్ఱబఱచు రిఫాంపిసిన్ అను క్షయమందు కాలేయమును ప్రేరేపించి హార్మోనును త్వరగ నశింపజేయును. 1971 ప్రాంతమున జర్మను వైద్యులు, ఆ మందును గర్భనిరోధక మాత్రలును కలిపి వాడు స్త్రీలకు అకాలస్రావ మగుట గమనించిరి. మూర్ఛకు వాడు ఫెనిటాయిన్, కార్బమజెపీన్, ఫీనోబార్బిటోన్ మందుల చర్యయు నిట్టిదే. సూదిపై వీని ప్రభావము తక్కువ, మాత్రపై నెక్కువ. వానిని మానిన తరువాత కూడ సుమారు నాలుగు వారములు ఆ చర్య నిలిచియుండును.


యాత్రకై కొను మాత్ర గర్భనిరోధకము కాదనియు చెప్పవలసియున్నది. అట్లని నమ్మినవారిని నే నెఱుగుదును.