బట్టగా మారిన ఊరు: మాధవాయిపాలెం

నరసాపురం నుంచి అంతర్వేదికి వెళ్లేవాళ్లు మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి గట్టున దిగుతారు. ఆ రేవు పేరు ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు, రష్యన్ నిఘంటువుల్లో ఉంది. ఊరి పేరుగా కాదు, బట్ట పేరుగా.

17వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ అంటే అప్పట్లో యంత్రాలు కావు. గిడ్డంగి, గుమస్తాలు, దుబాసీలు, సాలెలకు ముందుగా ఇచ్చిన సొమ్ము లెక్కలు. దగ్గర్లోని వీరవాసరంలో ఇంగ్లీషువాళ్లదే మరొకటి ఉండేది, పాలకొల్లులో డచ్చివాళ్లు ఉండేవారు. 1679లో మద్రాసు కోట అధికారి స్ట్రేన్‌షామ్ మాస్టర్ తనిఖీకి ఇక్కడిదాకా వచ్చి, తన దినచర్యలో రాసుకున్నాడు. నరసాపురం వడ్రంగులు కట్టే ఓడలకూ ఆ రోజుల్లో గొప్ప పేరు.

మాధవాయిపాలెం తెల్లవాళ్ల నోట 'మడపొల్లం' అయింది. మనవాళ్లు నేసి, చలువ చేసి పంపిన తెల్లటి నూలు తానులకూ ఆ పేరే స్థిరపడింది. ఫ్రెంచివాళ్లు మడపోలాం అన్నారు. వాళ్ల దగ్గర్నుంచి అందుకుని స్పెయిన్‌వాళ్లు మడపోలాన్ చేసుకున్నారు. పోర్చుగీసులో మడపోలావ్, రష్యాలో మదపొలాం. స్పానిష్ నిఘంటువు దాన్ని నాణ్యమైన తెల్లబట్ట అంటుంది. రష్యాలో లోదుస్తులకూ పక్కగుడ్డలకూ వాడే మెత్తటి నూలుబట్ట అది. దేశం మారినా పేరులోని మెత్తదనం, తెలుపు పోలేదు. ఆ ఘనత మన మగ్గానిదే.

అయితే మగ్గానికి దక్కిందేమిటి? ఇంగ్లండు మిల్లులు అలాంటి బట్టనే అదే పేరుతో చవగ్గా తయారుచేశాయి. 1833 చట్టంతో కంపెనీ వర్తకమే ఆగింది. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు, మడపొల్లం ఇప్పుడు ఇంగ్లండు నుంచి ఇండియాకు ఎగుమతయ్యే ముఖ్యమైన సరుకు అని రాసింది. మన పాలెం పేరు పెట్టిన బట్టను మనమే సీమ నుంచి కొనుక్కున్నామన్నమాట! నిఘంటువులోని ఆ ఒక్క వాక్యం చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

నరసాపురం, పాలకొల్లు బడుల్లో పాఠం చెప్పే మాస్టార్లకు నాదొక మనవి. పిల్లల్ని ఒకసారి ఆ రేవుకు తీసుకెళ్లి, ఈ సంగతి అక్కడే చెప్పండి. పంచాయతీ పెద్దలు తలుచుకుంటే, ఆయా భాషల్లో ఈ బట్టకున్న పేర్లన్నీ తెలుగులో రాసిన ఒక బోర్డు పెట్టడం పెద్ద పనేం కాదు.