కలివికోడి చరిత్ర, మన చేతికి బైనాక్యులర్



పాపికొండల్లో, కోరింగ మడ అడవుల్లో పక్షులు చూడ్డానికి ఏ బైనాక్యులర్ కొనాలని మనవాళ్లు అడుగుతుంటారు. అది చెప్పేముందు ఒక చరిత్ర తెలుసుకోవాలి.

కలివికోడి అని ఒక పక్షి. ఇంగ్లీషోళ్లు జెర్డాన్స్ కోర్సర్ అన్నారు. 1848లో శాస్త్రవేత్తల లెక్కలోకి ఎక్కింది. బ్లాన్‌ఫోర్డ్ అనే భూగర్భ శాస్త్రవేత్త దాన్ని మన గోదావరి పక్కనే, భద్రాచలం, సిరోంచ ప్రాంతాల్లో నమోదు చేశాడు. 1900 తర్వాత మాత్రం ఎవరూ చూసినట్టు రాయలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

జర్మనీలో జైస్ కంపెనీ 1894లోనే పట్టకాల బైనాక్యులర్లు అమ్మింది. అంటే ఆ ఎనభై ఆరేళ్లూ బైనాక్యులర్లకు కొదవ లేదు. అయినా కలివికోడి దొరకలేదు, ఎందుకంటే అది రాత్రిపూట తుప్పల్లో తిరిగే పక్షి. చివరికి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రివేళ టార్చి వెలుతురులో దాన్ని పట్టాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి వచ్చిన భరత్ భూషణ్ అదే కలివికోడి అని లోకానికి చెప్పారు. దాని కోసమే 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు.

చూసే కన్ను అడవి తెలిసినవాళ్లది. రాసిన చెయ్యి చదువుకున్నవాళ్లది. ఇప్పుడు మనం చదువుకుంటున్నాం కాబట్టి రెండూ మనవే కావాలి.

ఇక కొనే సంగతి. 8×42 అని ఉంటే ఎనిమిది రెట్లు దగ్గరగా కనిపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు అని అర్థం. అడవి నీడలో, తెల్లారుజామున ఇదే మేలు. 10 రెట్లదైతే చెయ్యి వణుకు కూడా పెద్దగా కనిపిస్తుంది. నీళ్లు చొరబడనిది తీసుకోండి. ఒక్కరి వల్ల కాకపోతే నలుగురు కలిసి కొనుక్కోండి.

మన డెల్టా తేమకి అద్దాల లోపల బూజు పడుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. దుమ్ముని ముందు ఊదే బుడ్డితోనో మెత్తని బ్రష్‌తోనో దులిపి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవండి. చొక్కా అంచుతో తుడిస్తే గీతలు పడతాయి. దాంతో సూర్యుణ్ణి అస్సలు చూడొద్దు, కళ్లు పోతాయి.

పక్షిని చూశాక తేదీ, చోటు రాయండి. కోయలోనో, మీ ఊరి మాటలోనో దాని పేరు అడిగి రాయండి. ఆ పేరు చెప్పిన తాత పేరు కూడా పక్కనే ఉండాలి.