ఏకోపాధ్యాయ పాఠశాల

ఏకోపాధ్యాయ పాఠశాల అనగా అన్ని తరగతులకు, అన్ని విషయాలను ఒకే ఉపాధ్యాయుడు లేదా ఉపాధ్యాయిని బోధించే పాఠశాల. వాడుకలో దీనిని సింగిల్ టీచర్ స్కూలు అంటారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఇవి ఎక్కువగా చిన్న పల్లెలలో, తండాలలో, గిరిజన గూడేలలో ఉన్న ప్రాథమిక పాఠశాలలు. ఒకటి నుండి ఐదు వరకు తరగతుల పిల్లలు ఒకటి రెండు గదులలో కలిసి కూర్చుంటారు. కేంద్ర విద్యాశాఖ సేకరించే యూడైస్ గణాంకాల ప్రకారం 2024-25లో దేశం మొత్తం మీద ఇటువంటి పాఠశాలలు 1,04,125 ఉన్నాయి. వాటిలో 33 లక్షలకు పైగా విద్యార్థులు చదువుతున్నారు. 12,912 పాఠశాలలతో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో ఉంది.

పూర్వ చరిత్ర

ఒక పంతులు పలు స్థాయిల పిల్లలకు చదువు చెప్పడం కొత్త విషయం కాదు. పూర్వపు వీధిబడులన్నీ ఈ పద్ధతిలో నడిచినవే. 1823లో బళ్ళారి జిల్లా కలెక్టరు ఎ.డి.క్యాంప్‌బెల్ తన జిల్లాలోని బడులను గురించి మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో బళ్ళారి జిల్లాలోనే ఉండేది. జిల్లాలోని 533 బడులలో 6,641 మంది చదువుతున్నారనీ, వాటిలో 226 తెలుగు బడులనీ ఆయన లెక్క ఇచ్చాడు. ఉదయం అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారట. రెండవవానికి సున్న. ఆ తరువాత వచ్చినవారికి వరుసను బట్టి దెబ్బలు. పిల్లలు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ముందు నేర్చిన పిల్లలు వెనుకవారికి నేర్పడం క్యాంప్‌బెల్‌కు బాగా నచ్చింది.

ఈ పద్ధతిని అంతకు ముందే మద్రాసులో ఆండ్రూ బెల్ అనే మతాధికారి గమనించాడు. 1789 నుండి ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమాన్ని నిర్వహించిన ఆయన 1797లో దీనిపై పుస్తకం ప్రచురించాడు. ఆ విధంగా ఇది "మద్రాసు పద్ధతి" అనే పేరుతో ఇంగ్లాండు బడులకు వెళ్ళింది. అయితే వీధిబడికీ నేటి ఏకోపాధ్యాయ పాఠశాలకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. వీధిబడిలో తరగతులు లేవు, ఎవరి పాఠం వారిదే. నేటి పాఠశాలలో ఐదు తరగతులకు ఐదు జతల పాఠ్యపుస్తకాలు, ఐదు పరీక్షలు ఉన్నాయి. పాఠ్యపుస్తకాన్ని తయారుచేసేటప్పుడు మాత్రం తరగతికి ఒక ఉపాధ్యాయుడు ఉంటాడని భావించే తయారుచేస్తారు.

తరగతి గదిలో ఒక రోజు

బడి తాళం తీయడంతో ఉపాధ్యాయుని పని మొదలవుతుంది. ప్రార్థన, ప్రతిజ్ఞ అయిన తరువాత ఐదు తరగతుల హాజరు తీసుకోవాలి. (పిల్లలు చెప్పే ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రచించినది నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు.) పిమ్మట మధ్యాహ్న భోజనానికి ఎందరు పిల్లలున్నారో వంట చేసేవారికి చెప్పాలి. ఇంత జరిగిన తరువాతనే పాఠం.

సాధారణంగా ఒకటి, రెండు తరగతులను ఒక గుంపుగా, మూడు నుండి ఐదు వరకు మరొక గుంపుగా కూర్చోబెడతారు. నలభై ఐదు నిమిషాల పీరియడును ఐదు తరగతులకు పంచితే ఒక్కో తరగతికి వచ్చేది తొమ్మిది నిమిషాలు. మిగిలిన ముప్పై ఆరు నిమిషాలు ఆ పిల్లలు ఉపాధ్యాయుడు లేకుండానే గడపాలి. ఏకోపాధ్యాయ పాఠశాలలో చదువు నిలిచేదీ, పోయేదీ ఈ ముప్పై ఆరు నిమిషాలలోనే. తొమ్మిది నిమిషాలలో పాఠం ఎంత బాగా చెప్పినా, మిగిలిన సమయంలో పిల్లవాని చేతిలో తగిన పని లేకపోతే ఆ పాఠం నిలువదు.

పని ఇవ్వడం సులభం, తగిన పని ఇవ్వడమే కష్టం. అన్నిటికన్నా ఎక్కువగా ఇచ్చే పని చూచివ్రాత. పిల్లలు నిశ్శబ్దంగా ఉంటారు కనుక గది చక్కగా నడుస్తున్నట్లు కనిపిస్తుంది. కాని చదవడం రాని పిల్లవాడు కూడా చూచివ్రాత ముత్యాల వలె వ్రాయగలడు. అతనికి అది అక్షరం కాదు, బొమ్మ. ఎక్కాలను బృందంగా చెప్పించడంలోనూ ఇదే చిక్కు ఉన్నది. ముందున్న ఇద్దరి గొంతు వెనుక మిగిలినవారి పెదవులు కదులుతుంటాయి. పాఠాన్ని కంఠస్థం చేసి పుటపై వేలు జరుపుతూ "చదివే" పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. అదే పాఠంలోని ఒక పదాన్ని విడిగా నల్లబల్లపై వ్రాసి అడిగితే సంగతి బయటపడుతుంది. దీనికి అర నిమిషం చాలు. ముప్పై మందికి పదిహేను నిమిషాలు అవుతుంది, ఆ పదిహేను నిమిషాలు దొరకవు.

ఎక్కువ నష్టం కలిగేది ఒకటవ తరగతికి. పై తరగతుల పిల్లలకు లెక్కలు వ్రాసి ఇస్తే కొంతసేపు తమంత తాము చేసుకుంటారు. ఒకటవ తరగతి పిల్లవాడు పలక మీద అక్షరం రెండుసార్లు దిద్ది వెంటనే చూపించడానికి లేచి వస్తాడు. చూసేవారు లేకపోతే బలపం నోట్లో పెట్టుకుంటాడు, లేదా చెరిపేస్తాడు. గుణింతాలు పట్టుబడక రెండవ తరగతికి, వత్తులు రాక మూడవ తరగతికి వెళ్ళిన పిల్లవానికి ఆపై పాఠాలు ఏవీ అందవు. అందుచేత అనుభవం గల ఉపాధ్యాయులు పై తరగతులకు ముందుగా పని అప్పగించి, ఉదయపు మొదటి గంటను చిన్నపిల్లలకే కేటాయిస్తారు. పై అధికారుల కాలనిర్ణయ పట్టికలో ఇది ఉండకపోవచ్చును.

ఈ గదికి ఒక లాభం కూడా లేకపోలేదు. నాలుగవ తరగతికి చెప్పే కథను రెండవ తరగతి పిల్లలు చెవి ఒగ్గి వింటారు. చురుకైన పిల్లలు ఇలా పైతరగతి పాఠాలను ముందే నేర్చుకుంటారు, వెనుకబడిన పిల్లలకు కిందితరగతి పాఠం మరొకసారి చెవిన పడుతుంది.

పెద్దపిల్లల సాయం

చిన్నవారి పలకలు దిద్దడం, ఎక్కాలు అప్పజెప్పించుకోవడం ఐదవ తరగతి పిల్లలు చేస్తుంటారు. ఒక పిల్ల మరొక పిల్లకు చెప్పినపుడు ఇద్దరికీ పాఠం గట్టిపడుతుందనడంలో సందేహం లేదు. అయితే రోజూ అదే బాలికను ఒకటవ తరగతి ముందు కూర్చోబెడితే ఆమె ఐదవ తరగతి పాఠం ఎవరు చెప్పాలి? ఈ సాయానికి వంతులు ఉండాలి, రోజుకు అర గంట మించకూడదు.

సంస్కరణలు

1986 జాతీయ విద్యావిధానం ఫలితంగా 1987లో నల్లబల్ల పథకం మొదలైంది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, బోధనోపకరణాలు సమకూర్చడం దీని ఉద్దేశం. ఆంధ్రప్రదేశ్‌లో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1984లో ప్రయోగాత్మకంగా మొదలై 1996 వరకు నడిచిన ప్రాథమిక విద్యా పథకం (అప్పెప్) కృత్యాల ద్వారా బోధనను, పిల్లలను జట్లుగా కూర్చోబెట్టడాన్ని ప్రచారం చేసింది. చాలా బడులలో గోడలకు బొమ్మలు వచ్చాయి, జట్లూ వచ్చాయి. బోధన మాత్రం అన్నిచోట్లా మారలేదు.

ఒకే ఉపాధ్యాయునితో, పలు తరగతులతో నడిచే బడి కోసమే రూపొందిన పద్ధతి మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రానిది. ఇక్కడ పాఠ్యపుస్తకాన్ని విడదీసి చిన్న చిన్న కార్డులుగా మార్చారు. గోడ మీద ఒక నిచ్చెన వంటి పటం ఉంటుంది. పిల్ల తన మెట్టు ఏదో చూసుకొని, గుర్తును బట్టి కార్డు తీసుకొని, ఆ పనికి తగిన జట్టులో కూర్చుంటుంది. కొన్ని పనులకు ఉపాధ్యాయుని సాయం పూర్తిగా కావాలి, కొన్నిటికి కొంత చాలు, కొన్నిటికి తోటిపిల్లల సాయం చాలు, కొన్ని తానే చేసుకోగలదు. నాలుగు రోజులు బడికి రాని పిల్ల తిరిగి వచ్చి తాను ఆపిన మెట్టు నుండే మొదలు పెట్టవచ్చు. వ్యవసాయ కూలీల బిడ్డలకు ఇది ఎంత మేలో చెప్పనక్కరలేదు. ఈ పద్ధతి ఆధారంగా 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలలో, 2007 నాటికి తమిళనాడు అంతటా కృత్యాధార అభ్యసనం అమలయింది.

చట్టం

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం అనుబంధం ప్రకారం అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు కూడా ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. అనగా చట్టం దృష్టిలో ఏకోపాధ్యాయ పాఠశాల ఉండరాదు. అయినా ఉండడానికి కారణాలు పలు విధాలు: భర్తీ కాని ఖాళీలు, బదిలీలు, మారుమూల ఊళ్ళకు వెళ్ళడానికి అయిష్టత, ప్రైవేటు పాఠశాలలకు పిల్లల వలస. కాగితం మీద ఇద్దరున్నా ఒకరు డిప్యుటేషన్‌పై వేరొక చోట పనిచేయడమూ కద్దు. ఉన్న ఒక్కరికి జ్వరం వస్తే మండలంలోని మరొక బడి నుండి ఎవరినైనా పంపాలి, లేదా బడి మూతపడాలి.

చిన్న బడులను కలిపివేయడం ఒక పరిష్కారంగా చెప్పబడుతున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుండి మూడు, నాలుగు, ఐదు తరగతులను సమీప ఉన్నత పాఠశాలలకు తరలించడం మొదలైంది. దీనివల్ల అనేక ప్రాథమిక పాఠశాలలలో ఒకటి, రెండు తరగతులే మిగిలాయి. 2025లో ఈ విధానాన్ని మార్చి, తరగతికి ఒక ఉపాధ్యాయుడు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలను ఏర్పాటు చేశారు. ఐదుగురు ఉపాధ్యాయులున్న బడి మేలైనదే, కాని అది పిల్లకు అందే దూరంలో ఉండాలి. ఒకటి నుండి ఐదు తరగతుల వారికి ఒక కిలోమీటరు లోపల బడి ఉండాలన్నది నిబంధన. వాగు దాటి రావలసిన గూడెంలో ఆరేళ్ళ పిల్లకు ఆ కిలోమీటరు కూడా వానాకాలంలో ఎక్కువే.